ఎదురుజాడ

తామ్రగిరి కొలువుకూటం ఆ మధ్యాహ్నం కిక్కిరిసి ఉంది. స్తంభాలన్నిటికీ రాగి తొడుగులు, పైకప్పు నిండా రాగి పద్మాలు, సింహాసనం వెనక రెక్కలు విప్పుకున్న రాగి గండభేరుండం. మామూలు రోజుల్లో కిటికీల్లోంచి ఎండ పడితే ఆ కూటం బంగారుకొండలా మెరుస్తుందని పరదేశులు చెప్పుకునేవారు. ఆ రోజు మాత్రం ఆ ఎర్రని వెలుగు ముఖాల మీద పడి, నిలబడ్డ ప్రతివాడూ నెత్తురు పూసుకున్నట్టు కనిపించాడు.

కూటం మధ్యలో గొలుసులతో నిలబడ్డవాడు గండరాయుడు. శైలపురి అడవుల్లో పుట్టిన వేటగాడు, పులి ఎదురైనా పలకరించి పోయే రకం. ఇప్పుడు మాత్రం పెదవులు ఎండిపోయి ఉన్నాడు. జనంలో, పెద్ద తలపాగా చుట్టి, అతికించిన మీసాలతో గుర్రాల వర్తకుడి వేషంలో ఉన్నవాడు శైలపురి యువరాజు ధవళకీర్తి. చేతబడితో చూపు పోయిన తండ్రికి మందు తెలిసినవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడని, అతను తామ్రగిరి రాజవైద్యుడు మకరందభట్టని విని, కొండలూ నదులూ దాటి వచ్చారు ఇద్దరూ. "మీరు సత్రంలో ఉండండి చిన్నదొరా, ముందు నేను వెళ్ళి ఆ పెద్దాయన మనసు ఎలా ఉందో కనుక్కొస్తా" అని ఆ పొద్దున్నే గండరాయుడు వైద్యుడి బురుజు ఎక్కాడు. కాసేపటికి "అయ్యో, మనిషి పోయాడు, రండి రండి" అని కేకలు పెడుతూ దిగాడు. భటులు వచ్చారు, అతన్నే పట్టుకున్నారు.

పొద్దున పట్టుకున్నారు, మధ్యాహ్నానికి తీర్పు కూడా అయిపోయింది. తామ్రగిరిలో పెళ్ళికి ముహూర్తం కుదరాలంటే నెలలు పడుతుంది గానీ, మనిషిని చంపడానికి ఒక పూట చాలు.

శిక్ష మూగబావి. కోట వెనక, నీటిచుక్క లేని పాత బావి అది. దోషిని గొలుసులు విప్పి, తాడు కట్టి అడుగుదాకా దించుతారు, తాడు పైకి లాగేస్తారు, రాతి పలక మూసేస్తారు. ఇన్నేళ్ళలో అందులోకి దిగినవాడెవడూ ఒక్క కేక కూడా వెయ్యలేదు. బావికి ఆ పేరు అందుకే వచ్చింది.

తీర్పు చెప్పినవాడు జాడకొలువు అధికారి పింగళాక్షుడు. పొడుగాటి ఎండు మనిషి, తేనె రంగు కళ్ళు, రొమ్ము మీద పాదం ఆకారంలో రాగి బిళ్ళ. నలిగిన గడ్డిపరక చూసి, దాన్ని తొక్కిన ఆవు ఈనిందో లేదో చెప్పగలడని ప్రతీతి. లంచం తినడు, అబద్ధమాడడు. ఆయన చదివిన జాడ ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకే ఆయన చదివాక మళ్ళీ చూడడం అందరూ మానేశారు.

"తీర్పు విన్నారు కదా" అన్నాడు సింహాసనం మీంచి చండకేతు మహారాజు, తాంబూలం నములుతూ. ఆయన కళ్ళు ఎప్పుడూ సగమే తెరుచుకుని ఉంటాయి. "ఎదురుజాడ అడిగేవాడెవడైనా ఉన్నాడా?"

అడగడం ఆచారం కాబట్టి అడిగాడు. జాడకొలువు చదివింది తప్పు అనే హక్కు ఆ రాజ్యంలో ఎవడికైనా ఉంది. అయితే అన్నవాడు నెగ్గకపోతే దోషితో పాటు అదే శిక్ష తనకూ పడుతుంది. తాతల కాలంలో ఎవడో అడిగాడట, ఆ తర్వాత ఎవరికీ సందేహాలు రాలేదు.

"నేనడుగుతాను మహాప్రభూ" అని ధవళకీర్తి ముందుకొచ్చాడు.

కూటమంతా గొల్లుమంది. గండరాయుడు మాత్రం నవ్వలేదు. "వద్దు శెట్టిగారూ, వద్దు. మీ దారిన మీరు పొండి" అన్నాడు గొలుసులు ఘల్లుమనేలా తల తిప్పుతూ.

"గుర్రాల పళ్ళు చూసుకునేవాడివి, జాడలతో నీకేం పనోయ్?" అన్నాడు రాజు.

"గుర్రం వయసెంతో అమ్మేవాణ్ణి అడగం మహాప్రభూ, నోరు తెరిచి చూస్తాం. ఇక్కడ నోరు తెరిచి చూశారో లేదో కనుక్కుందామని."

పింగళాక్షుడి ముఖంలో రంగు మారలేదు. "అడగవయ్యా. ఏ జాడ నీకు రుచించలేదు?"

"మొదటినుంచీ మరోసారి చెప్పండి అయ్యా. పరదేశిని, నాకు నెమ్మదిగా ఎక్కుతుంది."

"మకరందభట్టు తన గదిలో వెల్లకిలా పడి ఉన్నాడు. రొమ్ములో లేడికొమ్ము పిడి ఉన్న కత్తి. కత్తి తనదేనని నిందితుడు ఒప్పుకున్నాడు. కత్తిపోటు తిన్న మనిషి చుట్టూ నెత్తురు ఉండాలి. లేదు. నేలంతా తడిగా ఉంది. అంటే హంతకుడు గదిలో ఉన్న కుండల్లో నీళ్ళతో నెత్తురు కడిగేశాడు. కడిగినవాడి పాదాలు తడుస్తాయి. ఇతని పాదాలు తడిగా ఉన్నాయి. ఇంతకన్నా తేట జాడ నా జీవితంలో చదవలేదు."

జనం తలలూపారు. నిజానికి ధవళకీర్తికీ ఒక్క క్షణం గుండె జారింది. అంత నున్నగా ఉంది ఆ మాట. స్నేహితుడి ముఖం చూశాడు. ఈ మనిషి చిన్నప్పుడు తనను ఎలుగుబంటి కింద నుంచి లాగినవాడు. ఇతను హంతకుడు కాదు. కాకపోతే ఆ నున్నటి మాటలో ఎక్కడో బీట ఉండాలి.

"నీళ్ళయిపోయిన కుండలు ఎలా ఉన్నాయండీ?"

"ఎలా ఉంటాయి? బోర్లించి ఉన్నాయి."

"పారిపోవాలన్న తొందరలో ఉన్న హంతకుడు, నేల కడిగి, కుండలు ఒక్కొక్కటీ శ్రద్ధగా బోర్లించి పోయాడా?"

మళ్ళీ నవ్వులు. ఈసారి పింగళాక్షుడి వెనక నిలబడ్డ కొమ్మయ్య అనే ముసలి పరిచారకుడు కూడా నవ్వాడు. "హంతకుడు బోర్లించడమేంటండీ, ఇడ్డూరం కాకపోతే! బోర్లించింది నేను. శవమున్న గదిలో నీళ్ళుంచుతామా? పోయినోడి దాహం బతికున్నోళ్ళకి అంటుకోదూ? ముందు కుండలన్నీ గుమ్మరించి, బోర్లించి, అప్పుడు అయ్యగారిని లోపలికి పిలుస్తాం. ఏ ఇంట్లో చావైనా అంతే, మీ ఊళ్ళో చెయ్యరా ఏంటి?"

"మా ఊళ్ళో చెయ్యం తాతా. గుమ్మరించేదాకా మీ అయ్యగారు ఎక్కడుంటారు?"

"గుమ్మం బయట. కళ్ళు మూసుకుని, పోయినోడికి శాంతి చెప్పుకుంటూ ఉంటారు."

"అయితే తాతా, గదిలో నేల తడిపింది ఎవరు?"

కొమ్మయ్య తన చేతులు చూసుకున్నాడు. నవ్వుతున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పుట్టినప్పటినుంచీ చావింట్లో కుండలు బోర్లించడం చూస్తున్నవాళ్ళే అందరూ. ఊపిరి పీల్చడం ఎవరికి గుర్తుంటుంది? ఇదీ అంతే.

పింగళాక్షుడి తేనె కళ్ళు మొదటిసారి రెప్పలాడాయి.

ధవళకీర్తి వదల్లేదు. "ఇతని పాదాలు తడిగా ఉండడం ఎప్పుడు చూశారు? మెట్ల మీద పట్టుకున్నప్పుడా, గదిలోకి ఈడ్చుకొచ్చాకా?"

"గదిలోకి తెచ్చి శవం ముందు నిలబెట్టాక" అన్నాడు పింగళాక్షుడు. ఆ మాట ఆయన నోట్లోంచి ముల్లులా వచ్చింది.

"తడినేల మీద నిలబెట్టి, పాదాలు తడిగా ఉన్నాయన్నారు. బాగుంది. కత్తి సంగతి? ఒరేయ్ గండరాయా, నీ కత్తి నువ్వు పైకి తీసుకెళ్ళావా?"

"లేదు శెట్టిగారూ. ఆయుధంతో ఎక్కకూడదంటే కింద కావలివాడి చేతికిచ్చి ఎక్కాను. పొద్దుటినించీ మొత్తుకుంటున్నాను, వినేవాడేడీ?"

"ఆ కావలివాణ్ణి అడిగారా అయ్యా?"

"బురుజు కింద ఈ రోజు కావలి ఎవర్నీ పెట్టలేదు."

"ఎవరు చెప్పారు?"

"ఏలినవారు చెప్పారు" అన్నాడు పింగళాక్షుడు, సింహాసనం వైపు చూడకుండా.

తాంబూలం నమలడం ఆగింది. సగం మూసిన ఆ కళ్ళు వర్తకుడి మీద వాలి, అక్కడే ఉండిపోయాయి. కూటంలో గాలి బరువెక్కింది. వెనక వరసల్లో ఒకరిద్దరు మెల్లగా ద్వారం వైపు జరిగారు.

"మాటలు నేర్చావు వర్తకుడా" అన్నాడు రాజు మెత్తగా. "కుండలు మా వాళ్ళే బోర్లించారనుకో. నెత్తురు వాళ్ళ నీళ్ళకే కొట్టుకుపోయి ఉండొచ్చుగా? ఇతను చంపలేదని ఎక్కడ తేలింది?"

"ఇంకా తేలలేదు మహాప్రభూ. తేలే చోటు ఒక్కటుంది. ఎన్ని నీళ్ళు పోసినా అవి పోని చోటు. శవం కింద. శవాన్ని ఎత్తి చూశారా?"

ఎత్తలేదు. శిక్ష అమలయ్యేదాకా శవాన్ని కదపకూడదు, అదో ఆచారం. "అపచారం" అని పురోహితులు గొణిగారు. అప్పుడు పింగళాక్షుడు రాజు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, నా చదువు తప్పో ఒప్పో తెలుసుకోకుండా నేను ఇంటికెళ్ళి అన్నం తినలేను. అనుమతించండి."

రాజు నవ్వాడు. "వెళ్ళండి. చూసి రండి. మేమిక్కడే ఉంటాం."

ఎంత సులువుగా ఒప్పుకున్నాడో అని సంతోషించాడు ధవళకీర్తి. సంతోషించాల్సిన విషయం కాదని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

వైద్యుడి బురుజు కోటలో అన్నిటికన్నా ఎత్తయినది. మెట్లు చుట్టుకుంటూ పైకి పోతాయి. గోడల మీద మూలికల కట్టలు, ఎండిన తొండలు, సీసాల్లో పసుపు రంగు పొగలు. గది తలుపు తీస్తే చల్లని వాసన కొట్టింది. మకరందభట్టు తెల్లగడ్డం పైకప్పు వైపు పెట్టుకుని పడి ఉన్నాడు. తలాపున దీపం. రొమ్ములో కత్తి పిడి నిటారుగా నిలబడి ఉంది.

"ఎత్తు కొమ్మయ్యా" అన్నాడు పింగళాక్షుడు.

కొమ్మయ్య, ధవళకీర్తి కలిసి ఎత్తి పక్కన పడుకోబెట్టారు. అంత భారీ మనిషి శరీరం ఎండిన తాటాకులా తేలిగ్గా లేచింది. కింద నేల పొడిగా ఉంది. మనిషి ఆకారంలో, అంచులు గీసినట్టు, పొడిగా. నెత్తురు చుక్క లేదు. ఆ పొడి నేల మీద లేతపచ్చ బూడిదతో వేసిన ముగ్గు ఉంది, పడగ విప్పిన పాములు ఒకదాని తోక ఒకటి మింగుతున్నట్టు. చూస్తుంటేనే కళ్ళు తిరిగాయి. కొమ్మయ్య "అమ్మ బాబోయ్" అని గోడకి అంటుకుపోయాడు.

పింగళాక్షుడు మోకాళ్ళ మీద వంగాడు. చాలాసేపు చూశాడు. లేచేసరికి ఆయన ముఖంలో పదేళ్ళ వయసు పెరిగినట్టుంది.

"బతికున్నవాడి గుండెలో కత్తి దిగితే వీపు కింద నేల ఇలా ఉండదు. ముందు మంత్రం పెట్టి ప్రాణం తోడేశారు. తర్వాత చచ్చినవాణ్ణి పొడిచారు. నెత్తురు లేకపోవడం చూసి నేను కడిగారనుకున్నాను. అసలు కారనే లేదని అనుకోలేకపోయాను." కొమ్మయ్య వైపు తిరిగాడు. "నా తీర్పు తప్పు. కొమ్మయ్యా, నువ్వు సాక్షివి. ఈ మాట నా నోట విన్నావు."

"బూడిద పచ్చగా ఉందేమిటండీ?" అన్నాడు ధవళకీర్తి.

"రాగిగుండంలో కాలిన బూడిద. ఇలాంటి గుండం ఈ రాజ్యంలో ఒక్కటే ఉంది. ఏలినవారి పూజామందిరంలో."

"అయితే చంపింది..."

"ఆగు." పింగళాక్షుడు చెయ్యెత్తాడు. "బూడిద ఎక్కడిదో నేల చెప్పింది. తెచ్చిందెవరో చెప్పలేదు. నేల చెప్పని మాట నేను చెప్పబట్టే ఒక అమాయకుడు గొలుసుల్లో ఉన్నాడు. మరోసారి చెప్పను."

అప్పుడే కింద డప్పు మోగింది. ఆగి ఆగి, బరువుగా. కొమ్మయ్య ముఖం పాలిపోయింది. "అయ్యా... అది బావి డప్పు."

ధవళకీర్తి ఒక్క అంగలో కిటికీ దగ్గరున్నాడు. కోట వెనక పెరడు, దాని మధ్యలో మూగబావి నల్లటి నోరు. పలక తీసేసి ఉంది. గిలక తిరుగుతోంది. తాడు చివర గండరాయుడి తల ఒరలోకి దిగిపోతోంది. రాజు ఎందుకంత సులువుగా పంపాడో అప్పుడు అర్థమైంది. వాదన వాళ్ళకి, సమయం తనకి పంచి పెట్టాడు.

మెట్ల దారిలో వెళితే అందడు. కిటికీ పక్కనుంచే జెండా తాడు కింద గుర్రపుశాల కప్పుదాకా వాలి ఉంది. తలపాగా విప్పి చేతులకు చుట్టుకుని, తాడు పట్టుకుని దూకాడు యువరాజు. గాలి చెవుల్లో హోరుమంది. గుడ్డ కాలింది, అరచేతులు కాలాయి. పెంకులు పగలగొట్టుకుని గడ్డిలో పడ్డాడు. ఎదురుగా జీను లేని నల్లగుర్రం బెదిరి లేచింది. ఎగిరి దాని మీద కూర్చుని జూలు పట్టి ఒక్క కేక వేశాడు.

పెరట్లోకి ఆ గుర్రం పిడుగులా వచ్చి పడింది. భటులు చెల్లాచెదరయ్యారు. ఒకడి ఈటె లాక్కుని ఇద్దర్ని పడగొట్టాడు, మూడోవాడి డాలు విరిగింది. ఆ ఊపులో అతికించిన మీసం ఊడి కిందపడింది. "వీడు వర్తకుడు కాడు! వేగువాడు!" అని దళపతి అరిచాడు. గిలక దగ్గరికి చేరేసరికి తాడు పైకి వచ్చేసింది. దాని చివర ఎవరూ లేరు.

"గండరాయా!" అని బావిలోకి అరిచాడు. జవాబు లేదు. తన గొంతు తిరిగి కూడా రాలేదు.

భటులు ఈటెలు వంచి చుట్టూ వలయం కట్టారు. ఆ వలయం బిగుసుకుంటున్నప్పుడు వెనకనుంచి కంచుగంటలాంటి గొంతు వినబడింది. "ఆగండి! జాడకొలువు మాట!"

పింగళాక్షుడు. ఆ వయసులో ఆ మెట్లన్నీ ఎలా దిగాడో, ఊపిరి అందడం లేదు. అయినా భటులు ఆగారు. ఆ గొంతుకి లోబడడం వాళ్ళకి చిన్నప్పటినుంచీ అలవాటు.

"రాజాజ్ఞ ఉంది అయ్యా" అన్నాడు దళపతి, ఇబ్బందిగా.

"ఆజ్ఞ నా తీర్పు మీద నిలబడింది. తీర్పు నేను వెనక్కి తీసుకున్నాను. ఇంక దేని మీద నిలబడుతుంది? నమ్మకపోతే మహారాజునే అడిగి రా." దళపతి తటపటాయించి, ఒక రౌతును కొలువుకూటానికి పంపాడు. పింగళాక్షుడు గిలక దగ్గరికి నడిచి, దాని పిడి తన చేత్తో పట్టుకుని, యువరాజుతో మెల్లగా అన్నాడు. "వాడు తిరిగొచ్చేలోపు దిగగలిగితే దిగు. నేను తిప్పుతాను."

"మీరెందుకండీ?"

"నేను చదివిన జాడ అది. అక్కడ దాకా నేనే పంపాను."

ధవళకీర్తి తాడు నడుముకి బిగించాడు. ఎవడో దివిటీ అందించాడు. కాళ్ళు ఒరను తన్నాయి, వెలుగు పైకి పోయింది, చీకటి మింగింది.

ఎంత దిగినా అడుగు రాలేదు. రాళ్ళు ముందు పొడిగా, తర్వాత జిగటగా, తర్వాత గోళ్ళతో గీరినట్టు గాట్లతో కనిపించాయి. పైన ఆకాశం తమలపాకంత అయింది. చివరికి పాదాలు దేన్నో తాకాయి. తాడు విప్పుకుని దివిటీ ఎత్తాడు. గుహలాంటి విశాలమైన చోటు, బురద పూసినట్టున్న నల్లనేల. ఎముకలు లేవు. ఇన్నేళ్ళుగా ఇంతమంది దిగిన బావిలో ఒక్క ఎముక కూడా లేదు. దానికన్నా ఎముకలుంటేనే బాగుండేదనిపించింది.

పైనుంచి పింగళాక్షుడి గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఏం కనబడుతోంది?"

"గండరాయుడి అడుగులు ఉన్నాయి! ముందుకు వెళ్ళాయి..." దివిటీ వంచుతూ నడిచాడు. "మధ్యలో ఆగిపోయాయి. తిరిగి వచ్చిన జాడ లేదు. అయ్యా, వాణ్ణి ఏదో..."

"అనకు! చూసింది మాత్రం చెప్పు. చివరి అడుగు ఎలా ఉంది?"

కళ్ళలో నీళ్ళు తుడుచుకుని వంగాడు. "వేళ్ళ దగ్గర లోతుగా ఉంది. మడమ అంటలేదు."

"అయితే ఎగిరాడు. ఎవరూ ఎత్తుకుపోలేదు, తనే ఎగిరాడు. ఎందుకు ఎగిరాడో నేల ఏమంటోంది? చెయ్యి పెట్టి చూడు!"

ధవళకీర్తి అరచెయ్యి ఆనించాడు. "మెత్తగా ఉంది. తడి లేదు. అయ్యా..." చెయ్యి తీసి మళ్ళీ ఆనించాడు. "వెచ్చగా ఉంది."

పైనుంచి జవాబు రాలేదు. ఏదో పెనుగులాట, గుర్రపు డెక్కలు, ఒక కేక. తాడు మొత్తం సుళ్ళు తిరుగుతూ వచ్చి అతని పక్కన పడింది. రాతి పలక కదిలిన చప్పుడు. తమలపాకంత ఆకాశం గోరంతై, ఆరిపోయింది.

దివిటీ వెలుగు అందని చీకట్లో, అతని తలకి ఎంతో ఎత్తున, రాతిగోడ అంచుకి బల్లిలా కరుచుకుని ఉన్న చోటినుంచి గండరాయుడి గుసగుస వినిపించింది.

"చిన్నదొరా, మీ కాళ్ళకి మొక్కుతాను, కదలొద్దు. గట్టిగా ఊపిరి తియ్యొద్దు. మీరు నిలబడింది నేల మీద కాదు."